పేలింది మధ్యాహ్నం, చెడింది పొద్దున్నే

(కావలిలో, లోపలే వండుకుని పడుకునేట్టు ఇంటి బండ్లు కట్టించుకున్న కుటుంబాలు, టెంపో ట్రావెలర్ డ్రైవర్లు కలిసి పెట్టుకున్న ఉదయపు సమావేశంలో ఒక టైర్ల మేస్త్రి చేసిన ప్రసంగం. ఆయన మాట తీరు మార్చలేదు.)

అన్నలకీ, తమ్ముళ్లకీ, అమ్మలకీ అందరికీ నమస్కారం. పొద్దున్నే 6 గంటలకి ఏం మీటింగు అని కొందరు ఫోన్లు చేశారు. ఆ టైమే ఎందుకు పెట్టించానో కాసేపటికి మీకే తెలుస్తుంది.

నేను 31 ఏళ్లుగా హైవే పక్కన టైర్ల పని చేస్తా ఉండా. అంతకుముందు లారీ మీద క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. పేలిన టైరు నా దగ్గరికి వస్తే పారేయను. కోసి లోపల చూస్తా. ఇదిగో, ఈ రెండు ముక్కలు అందుకే తెచ్చా. చేతులు మారుస్తా చూడండి. ఈ మొదటి ముక్క లోపల నల్ల పొడి ఉంది చూశారా, వేలితో తీస్తే కాటుకలాగా వస్తా ఉంది. టైరు పక్క గోడ మీద గుండ్రంగా చుట్టూ ఒక మడత గీత ఉంది. ఈ బండాయన నాతో ఏం చెప్పాడంటే, "ఎండకి పేలింది మేస్త్రీ, రోహిణి కార్తె కదా" అన్నాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నిజమే, మన ఒంగోలు, నెల్లూరు ఎండలు ఎట్టాంటివో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అదే రోడ్డు మీద, అదే ఎండలో, ఆ రోజు వేల బండ్లు పోయినాయి. అన్నీ పేలలేదే? ఈ పొడి ఏం చెప్తా ఉందంటే, ఈ టైరు గాలి తక్కువతో చాలాసేపు తిరిగింది. లోపలి రబ్బరు దానికదే రాసుకుని పొడైంది. పేలింది మధ్యాహ్నం 2 గంటలకి. చెడింది మాత్రం పొద్దున ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే.

అదెట్టా జరుగుద్దో చెప్తా, కొంచెం ఓపికగా వినండి. మీ బండి టైరు ఒకసారి తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. అంటే కిలోమీటరుకి 450 చుట్లు వేసుకోండి. 80 మీద పోతా ఉంటే సెకనుకి 10 చుట్లు. ప్రతి చుట్టులోనూ నేలకి ఆనిన చోట టైరు పక్క గోడ వంగుద్ది, పైకి పోగానే సాగుద్ది. ఇంట్లో కట్టుడు తీగ తెంపాలంటే ఏం చేస్తారు? కత్తెర లేకపోతే అటూ ఇటూ వంచుతారు. నాలుగైదుసార్లకి ఆ వంగే చోట చెయ్యి పెడితే కాలుద్ది, ఇంకో రెండుసార్లకి తెగుద్ది. టైరు కూడా అంతే. గాలి సరిగ్గా ఉంటే కొంచెం వంగుద్ది. గాలి తగ్గితే బాగా వంగుద్ది. బాగా వంగితే వేడి. రబ్బరు వేడిని బయటికి తొందరగా వదలదు, లోపలే దాచుకుంటుంది. ఆ వేడికి పొరకీ పొరకీ మధ్య అతుకు ఊడిపోద్ది. పైన మన ఎండ, కింద కాలే తారు, ఇవి రెండూ ఆఖరి దెబ్బ కొడతాయి. మొదటి దెబ్బ కొట్టింది మాత్రం మనమే.

అందుకే గాలి కొలిచే గేజి కావాలి. డ్రైవర్ తమ్ముళ్లూ, టైరుని కాలితో తన్ని "బానే ఉంది" అనే అలవాటు మానుకోండి. కాలికి 65 పౌండ్ల గాలికీ 45 పౌండ్ల గాలికీ తేడా తెలియదు. 31 ఏళ్ల తర్వాత నాకే తెలియదు. సొంత గేజి ఒకటి కొనుక్కోండి, బండిలో పెట్టుకోండి. ఎంత గాలి ఉండాలో బండి డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. దాని మీద ముందు చక్రాలకి ఒక లెక్క, వెనక చక్రాలకి ఒక లెక్క రాసుంటుంది. ఆ లెక్క చల్లటి టైరుకి. చల్లటి టైరంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉండాలి.

ఇక్కడే పెద్ద తప్పు ఒకటి జరుగుతా ఉంది. పొద్దున 30 డిగ్రీలప్పుడు 65 పెట్టారనుకోండి. మధ్యాహ్నానికి టైరు లోపల గాలి 60 డిగ్రీలకి వేడెక్కింది. అప్పుడు గేజి పెడితే 73 దాకా చూపిస్తుంది. చూడగానే గుండె ఝల్లుమని, "అమ్మో ఎక్కువైపోయింది" అని దారిలో ఆపి 8 పౌండ్లు వదిలేస్తారు. సాయంత్రానికి చల్లబడినాక అందులో ఉండేది 57, 58. మర్నాడు పొద్దున దాంతోనే బయలుదేరతారు. భయపడి చేసిన పనే టైరుని చంపుతా ఉంది. వేడి మీద పెరిగిన గాలి ఎక్కువ గాలి కాదు. టైరు చేసినవాళ్లు ఆ పెరిగేది కూడా లెక్కేసుకునే చేశారు. వదలొద్దు. నైట్రోజన్ గురించి అడుగుతారు, అది కూడా చెప్పేస్తా. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే మంచిదే, తేమ ఉండదు. అయితే నైట్రోజన్ కొట్టించాం కదా అని ఆర్నెల్లు గేజి పెట్టకపోతే మాత్రం ఏ గ్యాసూ కాపాడదు.

ఇప్పుడు అమ్మలకి చెప్పాలి. మామూలు ట్రావెలరు వేరు, మీరు కట్టించుకున్న ఇంటి బండి వేరు. మామూలు బండిలో మనుషులు దిగితే బరువు దిగుద్ది. మీ బండిలో ఇల్లు దిగదు. లెక్క చూద్దాం. నీళ్ల ట్యాంకు 200 లీటర్లు అంటే 200 కిలోలు, లీటరుకి కిలో. ఇన్వర్టరుకి పెట్టే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కోటి 50 కిలోల పైనే, కొందరు రెండు పెట్టించారు. గ్యాసు బండ నిండుది 30 కిలోల దాకా తూగుద్ది, ఇనుము బరువుతో కలిపి. పైన ఏసీ, లోపల ప్లైవుడ్ అల్మారాలు, గట్టు రాయి. ఒకాయన నిజం చీమకుర్తి గ్రానైటే వేయించాడు వంటగట్టుకి, అందంగా ఉంటుందని. ఆ పైన కాశీకి పోతున్నామని 25 కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, పరుపులు, రోలు కూడా. నవ్వొద్దమ్మా, రోలు నేను కళ్లారా చూశా. ఇవన్నీ విడివిడిగా చూస్తే తక్కువే. కలిపితే పది, పన్నెండు మంది మనుషుల బరువు. ఆ మనుషులు దిగకుండా ఏడాదంతా బండిలోనే కూర్చునుంటారు.

టైరు పక్కన అంకెలుంటాయి. సైజు తర్వాత 112 అనో 121 అనో ఉంటుంది. 112 అంటే ఆ ఒక్క టైరు మోసేది 1120 కిలోలు. 121 అంటే 1450. అది కూడా నిండు గాలి ఉంటేనే. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుద్ది. జంట టైర్లకి ఇంకొంచెం తక్కువ లెక్క, అందుకే గీత గీసి రెండో అంకె వేస్తారు. మరి మీ బండి ఎంత తూగుతా ఉందో మీకెట్టా తెలుస్తుంది? కాటా ఎక్కించాలి. మన దగ్గర రైసు మిల్లులకి కాటాలకేం తక్కువ? నీళ్లు నింపి, గ్యాసు పెట్టి, అందరూ ఎక్కి కూర్చుని కాటా మీదకి పోండి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక తూకం, బండంతా ఎక్కించి ఒక తూకం. మిల్లువాళ్లని బతిమాలి, పక్క నేల చదునుగా ఉంటే ఎడమ చక్రాలు మాత్రం ఎక్కించి ఇంకో తూకం తీయించండి. వంటగదీ ట్యాంకూ ఒకే పక్క పెట్టినవాళ్లకి ఆ పక్క టైర్ల మీద ఎంత పడుతుందో చూస్తే కళ్లు తిరుగుతాయి. నేను కాటా ఎక్కించిన నాలుగు ఇంటి బండ్లలో మూడు ఒక పక్కకి ఒరిగినవే. ట్యాంకు జరిపించుకున్నారు. కాగితాల్లో కూడా మార్పు రాయించుకోండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మార్పుకి రవాణా శాఖ అనుమతి ఉండాలి. దారిలో నీళ్లు దొరికే ఊళ్లున్నాయి. ట్యాంకు సగమే నింపుకుని పోతే 100 కిలోలు దిగినట్టే.

ఇంటి బండికి ఇంకో జబ్బుంది. ఏడాదిలో రెండు నెలలు తిరుగుద్ది, పది నెలలు పెరట్లో నిలబడుద్ది. టైరు బటన్లు, అంటే నేలకి ఆనే గట్లు, కొత్తగానే ఉంటాయి. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటే, ఈ టైర్లకి 8 ఉంటుంది. "మేస్త్రీ, కొత్త టైర్లే, అరగనేలేదు" అంటారు. నేను వంగి పక్కన చూస్తే, ఎండిపోయిన చెరువు నేలలాగా సన్నటి బీటలు. ఎండ, గాలి, మన సముద్రపు ఉప్పుగాలి, ఇవి రబ్బరుని తినేస్తాయి. టైరు పుట్టిన తేదీ దాని మీదే ఉంటుంది. ఒక గుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఒక్కోసారి ఈ అంకెలు లోపలి పక్కనే ఉంటాయి, కిందకి దూరి చూడాలి. పెద్ద కంపెనీలే చెప్తాయి, ఐదేళ్లు దాటితే ఏటా చూపించండి, పదేళ్లయితే ఎట్టా ఉన్నా తీసేయండి అని. నా మాట అడిగితే, మన ఎండల్లో నిలబడే బరువు బండికి ఆరేళ్లు దాటితే నేను నా మనవళ్లని ఎక్కించను. స్టెప్నీకి కూడా అదే వయసు లెక్క. దాన్ని ఎవరూ చూడరు. అవసరం వచ్చిన రోజు తీస్తే 20 పౌండ్లుంటుంది. బండి నిలబెట్టినప్పుడు టైర్లకి గోనె పట్టాలు కప్పండి, నెలకోసారి కాస్త ముందుకీ వెనక్కీ కదిలించండి.

వెనక జంట టైర్లున్నవాళ్లు ఇంకో మాట. లోపలి టైరులో గాలి పోతే బయటికి కనపడదు. పక్కది రెండింటి బరువూ మోస్తా పోతుంది. 50 కిలోమీటర్లకో 100కో రెండు టైర్లూ పోతాయి. టీకి ఆగినప్పుడల్లా రాడ్డుతో రెంటినీ కొట్టి చప్పుడు వినండి. గాలి ఉన్నది టంగుమని ఎగదన్నుద్ది, లేనిది డబ్బుమని చచ్చినట్టు పలుకుద్ది. చెయ్యి వెనక్కి తిప్పి తాకితే పక్కదానికంటే బాగా కాలేది జబ్బుది. రెంటి మధ్యా రాయి ఇరుక్కుందేమో చూడండి. గ్రానైటు లారీలు తిరిగే చీమకుర్తి దారిలో ఇది మామూలే.

ఇక పేలిన క్షణం. దీని గురించి నేను ఊరికే చెప్పడంలేదు.

1993 మే నెల. ఒంగోలు నుంచి నెల్లూరికి పెళ్లి బృందాన్ని వ్యానులో తీసుకుపోతా ఉండా. అప్పుడు రోడ్డు రెండు వరసలే, పక్కన చింతచెట్లు. పొద్దున బయలుదేరేటప్పుడు పంచరు షాపాయన అన్నాడు, "ముందు ఎడమ టైరు దిగినట్టుంది, రెండు నిమిషాలు ఆగు నాయనా, కొడతా" అని. ముహూర్తానికి టైమవుతా ఉందని, "నెల్లూరులో చూసుకుందాంలే" అన్నా. ఉలవపాడు దాటాక ఢాంమని పేలింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయింది. బండి ఎడమకి గుంజింది, స్టీరింగు నా చేతుల్లోంచి తిరిగిపోయింది, కల్వర్టు గోడకి కొట్టుకున్నాం. ముందు సీట్లో మా మేనత్త కూర్చునుంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె కాలు మోకాలి కింద నుజ్జయింది. ఆ తర్వాత 19 ఏళ్లు బతికింది, కర్ర లేకుండా ఒక్కరోజూ నడవలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతా ఉన్న ఆ రెండో ముక్క, ఆ టైరుదే.

ఆ రోజు నేనేం చేసుండాల్సింది? మన ఒంగోలు గిత్తల్ని కాడికి కట్టినవాళ్లు ఈడ ఉండే ఉంటారు. బండి జోరుగా పోతా ఉంది. ఎడమ గిత్త కాలు మడతపడి తూలింది. కుడిది అడుగేస్తానే ఉంది. బండి ఎటు తిరుగుద్ది? తూలినదాని వైపే. అప్పుడు పగ్గం బిగబట్టి లాగితే ఏమవుద్ది? తూలిన గిత్త పూర్తిగా కూలుద్ది, బండి దాని మీదకెక్కి బోల్తా కొడుతుంది. తెలిసిన మనిషి ఏం చేస్తాడు? ముందు అదిలిస్తాడు. బండి ముందుకి సాగితే తూలింది నిలదొక్కుకుంటుంది, దారి తిన్నగా అవుద్ది. ఆ తర్వాత నిదానంగా పగ్గం పడతాడు.

టైరు కూడా అదే. పేలిన చక్రం నేలని పట్టి వెనక్కి గుంజుతా ఉంటుంది. బ్రేకు కొడితే బండి బరువంతా ముందుకొచ్చి ఆ పేలిన చక్రం మీదే కూర్చుంటుంది, గుంజుడు రెట్టింపవుద్ది. అందుకని వినండి. పేలిన శబ్దం రాగానే కాలు బ్రేకు మీదకి పోకూడదు. యాక్సిలరేటరు మీద నుంచి ఒక్కసారిగా ఎత్తనూ కూడదు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, ఒక్క క్షణం ఇంకాస్త నొక్కాలి. వేగం పెంచడానికి కాదు, బండి ముందుకే సాగేటట్టు, పక్కకి పోకుండా. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టి, వరసలో తిన్నగా ఉంచేంతే తిప్పాలి. ఎక్కువ తిప్పితే పల్టీ. బండి చెప్పినట్టు వింటా ఉంది అని మీకు తెలిశాక కాలు మెల్లగా ఎత్తండి. పేలిన టైరే బ్రేకులాగా వేగం తగ్గిస్తుంది. 30కి వచ్చాక ఇండికేటరు వేసి, ఎడమకి తీసి, అప్పుడు తేలిగ్గా బ్రేకు. ఆపే చోటు బాగాలేకపోతే, వంతెన మీదో మలుపులోనో ఉంటే, రిమ్ము మీదే నిదానంగా ఇంకో 200 మీటర్లు పోనీయండి. రిమ్ము పోతే పోయింది.

వెనక టైరు పేలితే స్టీరింగు అంతగా గుంజదు, బండి తోక ఊపుతుంది. భయం ఎక్కువేస్తుంది. చేసే పని మాత్రం అదే.

ఇది చదివితే రాదు. కాలికి నేర్పాలి. రోజూ బండి స్టార్టు చేసే ముందు, ఇంజను ఆపి ఉండగానే, నోటితో "ఢాం" అనుకుని కాలు యాక్సిలరేటరు మీదే ఉంచి చేతులు బిగించండి. పదిసార్లు. ఇంట్లోవాళ్లు చూసి ఏమనుకుంటారో అని సిగ్గుపడకండి. ఆ రెండు సెకన్లలో బుర్ర పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది.

వేగం గురించి ఒక్కటే. తొమ్మిది మందికి పైగా కూర్చునే బండ్లకి నాలుగు వరసల హైవే మీద 90 పరిమితి. నేను ఇంటి బండికి 80 చాలంటా. 80లో ఉన్న ఊపుకంటే 100లో ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. ఆ ఎక్కువ ఊపంతా పేలిన రోజు మీ చేతుల మీదే పడుతుంది.

ఆగాక ఏం చేయాలి? అందరూ ఎడమ తలుపు నుంచే దిగాలి. రెయిలింగు ఉంటే దాటి అవతలికి పోవాలి, బండి నీడలో కూర్చోకూడదు. మన జనం నీడ అని బండి వెనకే చతికిలబడతారు, వెనక నుంచి వచ్చే లారీకి ఆ నీడ కనపడదు. నాలుగు లైట్లు వేసి, ఎర్ర త్రికోణం 50 మీటర్లకి తక్కువ కాకుండా వెనక పెట్టండి. చెట్టు కొమ్మ పెడితే పెట్టండి, రాళ్లు మాత్రం పెట్టొద్దు. మీరు పోయాక ఆ రాళ్లు అట్టానే ఉంటాయి, రాత్రి మోటారు సైకిలు మీద వచ్చే పిల్లోడు వాటి మీద పడతాడు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, దెబ్బలు తగిలితే 108.

ఇంటి బండిలో ఇంకోటి. పేలిన టైరు ముక్కలు కొరడాలాగా కింద కొడతాయి. చక్రం పైన ఏముందో మీ బండి కట్టినాయన్ని అడగండి. గ్యాసు పైపు గానీ, బ్యాటరీ వైరు గానీ, బ్రేకు పైపు గానీ అక్కడుంటే ఇనుప రేకు అడ్డం వేయించాలి. బండి కదులుతున్నంతసేపూ గ్యాసు బండ మీద రెగ్యులేటరు ఆపేసే ఉండాలి. టైరు దగ్గర పొగ వస్తా ఉంటే దగ్గరికి పోకండి, మనుషుల్ని దూరంగా తీసుకుపోండి.

స్టెప్నీ మార్చేటప్పుడు జాకీ కింద చెక్క ముక్క వేయండి, రోడ్డు పక్క మట్టి దిగిపోద్ది. ఎదురు చక్రానికి రాయి పెట్టండి, అయ్యాక ఆ రాయి తీసేయండి. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించండి. 50 కిలోమీటర్లు పోయి మళ్లీ బిగించండి.

నా తోటి పనివాళ్లు నలుగురైదుగురు వచ్చుండారు, మీకొక్క మాట. గాలి లేకుండా నడిచిన టైరు తెచ్చి "గాలి కొట్టు అన్నా" అంటారు. కొట్టొద్దు. లోపలి తీగలు విరిగి ఉంటాయి, గాలి ఎక్కేకొద్దీ పక్క గోడ చొక్కా జిప్పు తెగినట్టు బారుగా తెగి పేలుద్ది. ముందు ఊడదీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. కొట్టాల్సి వస్తే ఇనుప బోనులో పెట్టి, పొడుగు గొట్టంతో, టైరు పక్క ఎదురుగా నిలబడకుండా కొట్టండి. లారీ టైరుని రిమ్ముకి పట్టి ఉంచే లాక్ రింగులు ఎగిరొచ్చి తగిలి చనిపోయినవాళ్ల ఇళ్లకి మనమందరం పోయొచ్చాం. యాభై రూపాయల పనికి ప్రాణం పెట్టొద్దు.

సరే, ఇక లేవండి. టైము 7 కావస్తా ఉంది. బండ్లన్నీ రాత్రి నుంచి కదలకుండా ఉన్నాయి, ఎండ ఇంకా ఈ గోడ దాటలేదు, టైర్లు చల్లగా ఉన్నాయి. అందుకే 6కి రమ్మన్నా. గేజి లేనివాళ్లకి నా దగ్గర ఐదు ఉన్నాయి. స్టెప్నీ నుంచి మొదలుపెడదాం, కాగితం మీద రాసుకోండి. తూర్పు పక్క నిలబెట్టిన బండ్లు ముందు చూడాలి, వాటి మీదే ఎండ ముందు పడేది.